రోగిని చూసుకునే మనిషిని ఎవరు చూసుకోవాలి?



ఈ పాఠం మా ఇంట్లో మొదలైంది కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. మా అన్నకు స్కిజోఫ్రినియా. ఇరవై రెండో ఏట మొదలైంది, ఇప్పుడు ఆయనకు యాభై దాటాయి. ఎవరో తిడుతున్నట్టు చెవుల్లో మాటలు వినపడతాయి. అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేస్తాడు. రాత్రుళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోతాడు. ఇన్నేళ్లూ చూసుకున్నది మా అమ్మ.

మా కుటుంబం దీక్ష తీసుకున్నాక అమ్మ ఆదివారం విహారానికి రావడం ఎప్పుడూ మానలేదు. అలాంటిది ఒకసారి మూడు నెలలు రాలేదు. అడిగితే మోకాళ్ల నొప్పులంది. చివరికి ఒక రాత్రి, అన్న పడుకున్నాక, అసలు మాట చెప్పింది. "మొన్న వాడు నా మీద గిన్నె ఇసిరిండు. అప్పుడు నా మనసుల, వీడు పోతే బాగుండు అనుకున్న. కన్నకొడుకును పొమ్మన్న మనసుతోని బుద్ధుని ముందల ఎట్ల కూసోవాలె బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. ఊరూరా తిరిగి మైత్రి, కరుణ అని ఉపన్యాసాలు ఇచ్చేది నేను. రాత్రుళ్లు మేలుకునేది అమ్మ. ఆమెకు ఏం చెప్పాలా అని వెతుక్కుంటూ చదివిందే ఈ పాఠం.

ఇది ఎవరి పాపఫలమూ కాదు

మనసు జబ్బు వచ్చిన ఇంటికి డాక్టరు కంటే ముందు సలహాలు వస్తాయి. గాలి సోకిందంటారు, చేతబడి అంటారు, పోయిన జన్మలో చేసుకున్నది అంటారు. దీక్ష తీసుకున్న ఇళ్లలో కూడా చాటుగా తాయెత్తులు కడుతున్నారు. ఎవరినో తప్పు పట్టడానికి చెప్పడం లేదు, మా అన్న మొలతాడుకు కూడా ఒకప్పుడు మూడు కట్టాం.

సీవకుడనే పరివ్రాజకుడు ఇదే సంగతి బుద్ధుడిని అడిగినట్టు సంయుత్త నికాయంలో ఉంది. మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని అడిగాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, దెబ్బ తగలడం వల్ల కూడా బాధలు వస్తాయి, ఇది లోకానికి తెలిసిందే అన్నాడు. ఆయన చెప్పిన కారణాల్లో కర్మ ఒకటి మాత్రమే. అంతా పూర్వకర్మే అనేవాళ్లది తప్పు అని తేల్చాడు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఇంకో అడుగు ముందుకేశారు. పూర్వజన్మ కర్మ అనే సిద్ధాంతం, పేదల దుస్థితికి బాధ్యత నుంచి రాజ్యమూ సమాజమూ తప్పించుకోవడానికే పనికొస్తుందని విమర్శించారు. మనసు జబ్బు విషయంలో జరిగేదీ ఇదే. 'వాళ్ల కర్మ' అనేస్తే చుట్టాలకు పని లేదు, వాడకు పని లేదు, సర్కారుకు పని లేదు. భారమంతా ఒక్క మనిషి మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఆ ఒక్క మనిషి తల్లి, భార్య లేదా అక్కచెల్లెలు.

సేవ కష్టమని బుద్ధుడికి తెలుసు

విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు బుద్ధుడి కంటపడిన సంగతి వినయ పిటకంలో ఉంది. తోటివాళ్లెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించాడు. ఒకరు నీళ్లు పోశారు, ఒకరు కడిగారు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత బుద్ధుడు భిక్షువులను పిలిచి, ఇక్కడ మీకు తల్లీ లేదు తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్ని ఎవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి సేవ చేయాలన్నాడు.

ఇంతవరకు మనం చాలాసార్లు విన్నాం. దాని తర్వాతి భాగం మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. సేవ చేయడం కష్టమయ్యే రోగి ఎలా ఉంటాడో బుద్ధుడు అక్కడే ఐదు లక్షణాలు చెప్పాడు. తనకు మేలు చేసేది చేయడు. మేలు చేసేదానిలోనూ మితం తెలియదు. మందు వేసుకోడు. జబ్బు పెరిగిందో తగ్గిందో ఉన్నదున్నట్టు చెప్పడు. బాధను ఓర్చుకోలేడు. అమ్మకు ఇది చదివి వినిపిస్తే, "మావోణ్ణి చూసే చెప్పినట్టున్నదే" అని నవ్వింది. అమ్మ నవ్వగా చూసి చాలా రోజులైంది.

మనసు జబ్బు ఉన్నవాళ్లు మందు వద్దంటే అది పొగరు కాదు. తనకు జబ్బు ఉందనే సంగతి తెలియకపోవడం చాలాసార్లు ఆ జబ్బులో భాగమే. కాబట్టి అన్న తప్పు లేదు. అలాగని అమ్మ పడే కష్టం అబద్ధం కాదు. కొందరికి సేవ చేయడం కష్టమని బుద్ధుడే చెప్పినప్పుడు, అలసిపోయిన తల్లి తన అలసటను దాచుకోవలసిన పని లేదు. కోపం వస్తుంది, విసుగు వస్తుంది, 'ఇది ఎప్పుడు తీరుతుందో' అన్న ఆలోచన వస్తుంది. ఆలోచన రావడం వేరు, కావాలని దాన్ని పట్టుకుని పని చేయడం వేరు. ఆ రోజు అమ్మ కాసేపటికే లేచి, విసిరిన గిన్నె తీసి కడిగి, అదే గిన్నెలో అన్నకు మళ్లీ అన్నం పెట్టింది. ఆమె శీలం ఏమిటో ఆ పనిలో చూడాలి.

గగ్గుడికి సంఘం ఇచ్చిన చోటు

వినయ పిటకంలోనే గగ్గుడనే భిక్షువు ఉన్నాడు. ఆయనకు మతి తప్పింది. ఉపోసథం ఒకసారి గుర్తుండేది, ఒకసారి ఉండేది కాదు. ఒకసారి వచ్చేవాడు, ఒకసారి వచ్చేవాడు కాదు. సంఘం ఆయన్ని వెళ్లగొట్టలేదు. ఆయనకు గుర్తున్నా లేకున్నా, ఆయన వచ్చినా రాకున్నా సంఘం తన ఉపోసథం జరుపుకోవచ్చని అందరూ కలిసి తీర్మానం చేశారు.

ఈ తీర్మానంలో రెండు మేళ్లున్నాయి. గగ్గుడి మీద నింద పడలేదు. గగ్గుడి కోసం మిగతావారి జీవితమూ ఆగిపోలేదు. మన ఇళ్లలో ఈ రెండోది మర్చిపోతాం. చెల్లెలి ఇంటికి పోయి రెండు రోజులు ఉండటం, నలుగురిలో కూర్చుని నవ్వడం, విహారానికి రావడం తప్పు చేసినట్టు కాదు.

గడ మీది ఆట

వెదురు గడ మీద ఆడే గురుశిష్యుల కథ బుద్ధుడు ఒకసారి చెప్పాడు. నువ్వు నన్ను కనిపెట్టుకో, నేను నిన్ను కనిపెట్టుకుంటానని గురువు అన్నాడు. అలా కాదు, ముందు ఎవరి నిలకడ వాళ్లం చూసుకుందాం, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతామని శిష్యుడు అన్నాడు. శిష్యుడి మాటే సరైందని బుద్ధుడు చెప్పాడు. తనను కాపాడుకుంటే ఎదుటివారిని కాపాడినట్టే, ఓర్పుతో మైత్రితో ఎదుటివారిని కాపాడితే తననూ కాపాడుకున్నట్టే అని వివరించాడు.

నిద్ర లేని తల్లి గడ మీద తూలుతున్న మనిషి. ఆమె పడితే ఇద్దరూ పడతారు. అందుకని ఆమె నిద్ర, ఆమె తిండి, ఆమె మందులు కూడా రోగి సేవలో భాగమే.

ఇంట్లో చేయవలసినవి

1. డాక్టరును అడగకుండా మందు ఆపకండి. ధ్యానం మందుకు బదులు కాదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు రోజుల తరబడి సాగే మౌన శిబిరాలకు పంపకండి.

2. మాటలు వినపడుతున్నాయంటే 'అబద్ధం' అని కొట్లాడకండి, 'నిజమే' అని ఒప్పుకోకండి. 'భయమైతున్నదా, నేను ఇక్కడే ఉన్న' అంటే చాలు.

3. చేయి లేపితే పక్కకు జరగండి. ప్రమాదం అనిపిస్తే 112కు ఫోన్ చేయండి. దెబ్బలు తినడం కరుణ కాదు.

4. గొలుసులతో కట్టకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయానికి నిప్పంటుకుంటే, గొలుసులు తెంపుకోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. సర్కారు వైద్యం పొందడం హక్కు అని కూడా అదే చట్టం చెప్పింది.

5. చూసుకునేవారికి నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా, చచ్చిపోవాలనిపించినా వారికీ వైద్యం కావాలి. టెలిమానస్ నంబరు 14416. ఇది సర్కారు 2022లో మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంటివాళ్లు కూడా తమ బాధ చెప్పుకోవచ్చు.

విహారం చేయవలసినవి

దీక్ష ఒక్కరం తీసుకున్నది కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది కలిసి నడిచారు. సంఘాన్ని శరణు వేడుతున్నామంటే, ఎవరికైనా కష్టమొచ్చినప్పుడు మనమే ఆ సంఘమై నిలబడాలి. ఇటువంటి ఇల్లు వాడలో ఉంటే వంతుల వారీగా ఇద్దరు వెళ్లి రెండు గంటలు కూర్చోండి. ఆసుపత్రికి తోడు పోండి, క్యూలో నిలబడండి, వికలాంగుల సర్టిఫికెట్ కాగితాలు రాసిపెట్టండి. మానసిక అనారోగ్యాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. సలహా కంటే ముందు ఒక గిన్నె కూర పట్టుకెళ్లండి. 'పిచ్చోడు' అనే మాట మన నోటి నుంచి రాకూడదు.

ఇప్పుడు ఆదివారాలు మా వాడ పెద్దాయన ఒకరు వచ్చి అన్నతో పులిమేక ఆడతారు. అన్న ఒకరోజు ఆడతాడు, ఒకరోజు ఆడడు. పెద్దాయన మాత్రం కూర్చునే ఉంటారు. అమ్మ మళ్లీ విహారానికి వస్తోంది. వచ్చిన మొదటి రోజే వెనక గోడకు ఆనుకుని, ధమ్మ ప్రసంగం అయ్యేదాకా నిద్రపోయింది. ఎవరూ లేపలేదు.

చర్చించుకోండి

1. మీ వాడలో మనసు జబ్బు ఉన్నవారిని చూసుకునే ఇల్లు ఏది? ఆ ఇంటికి మీరు చివరిసారి ఎప్పుడు వెళ్లారు?

2. 'కర్మ' అనే మాటతో మనం ఏ బాధ్యత తప్పించుకుంటున్నాం?

3. వచ్చే ఆదివారం ఆ ఇంట్లో రెండు గంటలు ఎవరు కూర్చుంటారు? ఈ రోజు లేచే ముందే పేర్లు రాసుకోండి.

జై భీమ్. నమో బుద్ధాయ.