అల్మేరియా హరితగృహాలు: సుస్థిర సేద్యం వైపు

నేపథ్యం
స్పెయిన్ ఆగ్నేయ తీరంలో, ఆండలూసియా ప్రాంతంలోని అల్మేరియాలో హరితగృహాలు 30 వేల హెక్టార్లకు పైగా పరుచుకున్నాయి. వార్షిక వర్షపాతం సుమారు 200 మి.మీ. మాత్రమే. 1960లలో ద్రాక్ష పందిళ్ల మీద ప్లాస్టిక్ కప్పడంతో ఈ సాగు మొదలైంది. ఆ నమూనాను నేటికీ 'పర్రాల్', అంటే పందిరి అనే పిలుస్తారు. ప్రధాన పంటలు: క్యాప్సికం, టమాటా, కీర, వంకాయ.

లక్షణాలు
నెదర్లాండ్స్ అద్దాల గృహాలను శీతాకాలంలో ఎక్కువగా సహజవాయువుతో వేడిచేస్తారు. అల్మేరియాకు ఎండే చాలు. తేడా ఇక్కడే: అక్కడ అసలు సమస్య ఇంధనం, ఇక్కడ నీరు.

ఇసుక పరుపు సాగును 'ఎనరెనాడో' అంటారు. అడుగున బంకమట్టి, దానిపై పశువుల ఎరువు, ఆపైన సుమారు 10 సెం.మీ. ఇసుక పరుస్తారు. ఇసుక తేమ ఆవిరవడాన్ని తగ్గిస్తుంది, లవణాలు పైకి పాకకుండా అడ్డుకుంటుంది.

జీవ నియంత్రణ
2006 చివర్లో ఇక్కడి క్యాప్సికంలో ఐరోపాలో అనుమతి లేని పురుగుమందు అవశేషాలు జర్మనీలో బయటపడ్డాయి. మార్కెట్ పోతుందన్న భయమే రైతులను మార్చింది. కొద్ది సీజన్లలోనే క్యాప్సికం తోటల్లో అత్యధిక భాగం మిత్రకీటకాల వైపు మళ్లింది. తామర పురుగులపై ఓరియస్ లేవిగాటస్ అనే పరభక్షక పురుగు, తెల్లదోమపై ఆంబ్లిసియస్ స్విర్‌స్కీ అనే పరభక్షక నల్లి పనిచేస్తాయి. రెండోదాన్ని తవుడుతో నింపిన చిన్న కాగితపు సంచుల్లో మొక్కలకు వేలాడదీస్తారు. మందు కొడితే మిత్రకీటకాలూ చస్తాయి కనుక రైతు చేతులు కట్టేసినట్టవుతుంది.

ప్లాస్టిక్
పైకప్పు పాలిథీన్ సుమారు మూడేళ్లకు మార్చాలి. 2012లో గ్రనాడా తీరంలో చనిపోయిన స్పెర్మ్ తిమింగలం కడుపులో హరితగృహాల ప్లాస్టిక్ దొరికింది.

నీటి వనరులు
అతిగా తోడటంతో తీర జలస్తరాల్లోకి ఉప్పునీరు చొరబడింది. పరిష్కారంగా 2015లో కాంపో దె దాలియాస్ నిర్లవణీకరణ కేంద్రం ప్రారంభమైంది. సామర్థ్యం ఏటా 3 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో ఒక టీఎంసీకి కాస్త ఎక్కువ. ఆ నీటి ఖరీదు ఎక్కువ కావడంతో బావి నీటితో కలిపి వాడతారు.

ఇక్కడో వింత ఉంది. పై పొర నీరు ఉప్పగా మారడంతో రైతులు లోతు పొరకు దిగారు. పొలాల్లో ఇంకిన నీరు పై పొరలో పేరుకుంది. ఇసుక పరుపుల కోసం బంకమట్టి తవ్విన గుంత 'బల్సా దెల్ సాపో' మడుగై పొంగుతోంది. కింద కొరత ఉన్న ఊరిలోనే పైన నీటిని మోటార్లతో తోడిపోస్తున్నారు.