జాతీయ భద్రతా ప్రణాళిక: మండలి నుండి కార్గిల్ వరకు

రాజ్యమునకు ఏడంగములను గణించిన కౌటిల్యుడు దండమునకు ముందే జనపదమును, దుర్గమును, కోశమును పేర్కొనుటను గమనించినచో, దేశరక్షణము సైన్యముతోనే ముగియు విషయము కాదని ప్రాచీనులును ఎరిగియుండిరని తెలియును. ఆధునిక కాలమున అమెరికా 1947 నాటి చట్టముచే జాతీయ భద్రతా మండలిని నెలకొల్పుకొనెను. అధ్యక్షుడు తన భద్రతావ్యూహమును లిఖితరూపమున కాంగ్రెసునకు సమర్పింపవలెనని 1986 నాటి గోల్డ్‌వాటర్-నికల్స్ చట్టము విధించెను.

మన దేశమున, 1998 మే మాసపు పోఖ్రాన్ అణుపరీక్షల పిమ్మట, ఆ నవంబరులోనే ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ భద్రతా మండలి ఏర్పడగా, బ్రజేష్ మిశ్రా తొలి భద్రతా సలహాదారుగా నియుక్తుడయ్యెను. పరీక్షార్థులు పొరబడు చోటొకటి కలదు: ఇది సలహామండలియే, తుది నిర్ణయములు భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘమునవి.

ఈ వ్యవస్థకు అసలు పరీక్ష 1999 వేసవిలో కార్గిల్ శిఖరములపై ఎదురయ్యెను. చొరబాటును ముందుగా పసిగట్టలేకపోవుటకు కారణములను శోధించిన కె. సుబ్రహ్మణ్యం సంఘము, గూఢచార విభాగముల సమన్వయలోపమును దాపరికము లేక ఎత్తిచూపెను. తదుపరి మంత్రుల బృందము 2001లో చేసిన సిఫార్సుల ననుసరించి రక్షణ గూఢచార సంస్థ 2002లోనే అవతరించినను, చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి మాత్రము 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ స్వీకరించువరకు కాగితములందే ఉండిపోయెను. ఇట్టి జాప్యము మన పాలనాయంత్రమునకు కొత్తగాదు!

అణ్వస్త్ర విషయమున, 2003 జనవరి 4న ప్రకటితమైన సిద్ధాంతము, తాము మొదట ప్రయోగింపరాదను నియమమును నిలిపి, ప్రయోగాజ్ఞను ప్రధాని అధ్యక్షత వహించు రాజకీయ మండలికే అప్పగించెను. భద్రతా సలహాదారు అధ్యక్షతనుండు కార్యనిర్వాహక మండలి ఆ యాజ్ఞను అమలుపరచును.