సందేహించు మిత్రులకు బాధను చెప్పుట – అక్కమహాదేవి చరిత్ర నేర్పు పాఠము

విస్సన్నపేట, నూజివీడు ప్రాంతముల మామిడితోటలలో వేసవి రాగానే చిన్నరసములు, పెద్దరసములు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చును. ముదిరిన కాయను కోసి వరిగడ్డిలో మాగవేసినచో లోపలి తీపియు, పైరంగును కలిసియే వచ్చును. తొందరపడి కార్బైడు పెట్టినచో తొక్క పసుపుబారును గాని లోపలి పులుపు పోదు. ఆ పద్ధతిని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిషేధించినవి. మనస్సునకు తగిలిన గాయమును గూర్చి చెప్పు మాటయు ఇట్టిదే. అది తన కాలమున పండవలెను. ఇతరులు ఒత్తిడి పెట్టి పండింపరాదు.

బాధపడినవారికి రెండవ బాధ యొకటి కలదు. నమ్మి చెప్పుకొన్న మిత్రుడే "నిజముగా అట్లు జరిగినదా? నీ తప్పేమియు లేదా? ఇన్నాళ్లు ఏల చెప్పలేదు?" అని అడుగుట. శత్రువు నమ్మకపోయిన ఓర్చుకొనవచ్చును. ఆప్తుడు నమ్మకపోయినచో నోరు మూతపడును. పండ్రెండవ శతాబ్దమున అక్కమహాదేవి ఇట్టి పరీక్షనే ఎదుర్కొనెను.

ఉడుతడిలో పుట్టిన ఆమెను కౌశికుడను రాజు కోరెను. వివాహము జరిగెనని హరిహరుని రగళె చెప్పుచున్నది. జరుగలేదని చెప్పువారును కలరు. ఎట్లయినను ఆమె రాజగృహమును, తుదకు వస్త్రమును సైతము విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా ఒంటరిగా కల్యాణమునకు నడచి వచ్చెను. ఆమె ఆశించినది తనవంటి శివభక్తుల సాంగత్యము. అచట ముందుగా లభించినది ప్రశ్న. కిన్నరి బొమ్మయ్య ఆమెను పరీక్షింపబూనెను. అనుభవ మంటపమున అల్లమప్రభువు "నీ భర్త ఎవరు?" అని నిలదీసెను. వస్త్రమును విడిచినదానవు కేశములతో ఏల కప్పుకొంటివని తరువాత అడిగెను. పదునైదవ శతాబ్దమున సంకలితమైన శూన్యసంపాదనము ఈ సంవాదమును విపులముగా తెలుపుచున్నది.

అక్క సమాధానమున మూడు విశేషములు గమనింపదగినవి.

మొదటిది: ఆమె తన భర్త చెన్నమల్లికార్జునుడే యని చెప్పెను. రాజును దూషించుచు సభను జాలిపడుమని కోరలేదు. జరిగినదంతయు ఏకరువు పెట్టనక్కరలేదు. తాను నిలిచిన చోటును స్పష్టముగా చెప్పిన చాలును.

రెండవది: లోపలి ఫలము పండనిదే పైతొక్క వన్నె తగ్గదని ఆమె ఉపమానము చెప్పెను. తనలో ఇంకను పండవలసినది కలదని ఒప్పుకొనుటకు ఆమె సిగ్గుపడలేదు. బాధితులు సంపూర్ణులై యుండవలెనని, వారి మాటలో తడబాటే యుండరాదని కోరుట అన్యాయము. తడబాటు అబద్ధమునకు గుర్తు కాదు; పలుమార్లు అది గాయమునకే గుర్తు.

మూడవది: చూచువారికి నొప్పి కలుగరాదనియే కప్పుకొంటినని ఆమె చెప్పెను. బాధపడినవారు కొంత దాచుట మోసము కాదు. అది ఒక్కొక్కప్పుడు వినువారిపై దయ. ఒక్కొక్కప్పుడు తమకు రక్ష.

ఇక అల్లమప్రభువు సంగతి. ఆయన సమాధానమును ఆలకించెను, అంగీకరించెను. బసవన్న ఆమెను ఆదరించెను. పెద్దరికము వయస్సు వలన రాదని చెన్నబసవన్న ఆమెను కొనియాడెను. వయస్సున చిన్నదైన ఆమె శరణులందరికి "అక్క" ఆయెను. తెలిసికొనుటకు అడుగు ప్రశ్నకు అంతము కలదు. అణచుటకు అడుగు ప్రశ్నకు అంతము లేదు. ఒక జవాబు రాగానే మరియొక అనుమానము పుట్టును.

అయితే ఈ కథ నుండి తప్పుపాఠము తీయరాదు. "అక్క నిలిచినది గదా, నీవును సభలో నిలిచి రుజువు చేయుము" అని అత్తింట బాధపడిన కోడలిని, పసితనమున హింసకు గురియైన బిడ్డను నిలదీయుట ధర్మము కాదు. అడుగువాడు అల్లముడు కాడు. అడుగు చోటు అనుభవ మంటపము కాదు.

కనుక చెప్పువారు ముందుగా ఒక్కరిని ఎన్నుకొనవలెను. కొంత చెప్పి, వారు దానిని ఎట్లు నిలుపుకొందురో చూచి, తక్కినది చెప్పవలెను. మిత్రుడు నమ్మకపోయినచో జరిగినది జరుగకపోదు. అతనితో వాదించి అలసిపోక మరియొక తలుపు తట్టవలెను. హింస ఇంకను సాగుచున్నచో ఆలసింపరాదు. మహిళలకు 181 సహాయవాణి కలదు. మనోవేదనకు 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ 14416 కలదు.

వినువారు "ఏల?" అని అడుగుటకు ముందు "ఇప్పుడు నీకేమి కావలెను?" అని అడుగవలెను. సందేహము కలిగినను తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. మఠమున చెప్పిన మాట మఠపు గడప దాటరాదు.

అక్క కల్యాణము నుండి శ్రీశైలమునకు, కదళీవనమునకు సాగిపోయెను. శరణుల అంగీకారము ఆమెకు ఆనందమే గాని గమ్యము కాదు. ఒకరు నమ్మినను నమ్మకున్నను బాధితుని సత్యము అతని ఇష్టలింగమువలె అతని హృదయము చెంతనే యుండును.

ఆలోచింపవలసినవి:
1. మన ఇంట ఎవరైన బాధను చెప్పినపుడు మనము మొదట అడిగిన ప్రశ్న ఏది?
2. ఆ ప్రశ్న తెలిసికొనుటకా, అణచుటకా?
3. మన మాటకు వెరచి మౌనము వహించినవారు మన ఇంట కలరా?