ప్రార్థిస్తున్నా కోపం తగ్గడం లేదు

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా గూడూరు. మగ్గం నేస్తాను, చర్చి సంఘంలో యూత్ లీడర్ని. పోగు తెగితే చాలు, ఇంట్లోవాళ్ల మీద అరిచేస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: వందనాలు తమ్ముడూ. కోపం రావడమే పాపం కాదు. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చూడండి. పేదల పొలాలు తాకట్టు పడ్డాయని విని నెహెమ్యా మండిపడ్డాడు. అయినా ముందు తనలో తాను ఆలోచించుకుని, ఆ తర్వాతే వడ్డీ తీసుకునే పెద్దలను నిలదీశాడు. మనస్తత్వవేత్తలు సాలవే, మేయర్ 1990లో వివరించిన భావోద్వేగ ప్రజ్ఞ కూడా భావాన్ని గుర్తించడంతోనే మొదలవుతుంది.

పోగు తెగగానే నాడె పక్కన పెట్టండి. ఇది కోపమా, కూలి గిట్టదన్న భయమా అని తేల్చుకోండి. భయమైతే ఆ మాటే ఇంట్లో చెప్పండి. అరిచేస్తే ఆ పూటే క్షమాపణ అడగండి. చెయ్యి లేచేదాకా వస్తే ప్రార్థనతో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.