ఎల్లల కావలి

రైతు పొలము చుట్టును కంచె నాటినంతమాత్రమున పైరు దక్కదు. కంచెను కనిపెట్టుకొని యుండు కాపరియు కావలెను. దేశము విషయమునను ఇది యథార్థము.

1947 ఆగస్టు 17వ తేదీని భారత పాకిస్తానముల నడుమ రాడ్‌క్లిఫ్ నిర్ణయించిన సరిహద్దు ప్రకటింపబడెను. పెక్కుచోట్ల దానికి కొండగాని నదిగాని గుర్తుగా లేదు. పంటచేల నడుమ, పల్లెల ప్రక్కగా ఆ రేఖ సాగిపోయెను. 1965 వరకు పాకిస్తానము వైపు ఎల్లను కాచు భారము ముఖ్యముగా ఆయా రాష్ట్రముల సాయుధ పోలీసులపై నుండెను. వారి శిక్షణము వేరు, ఆయుధములు వేరు, ఆజ్ఞ యిచ్చు అధికారులు వేరు.

1965 ఏప్రిల్ 9వ తేదీని పాకిస్తాను సైన్యము కచ్ రణ్ ప్రాంతమున సర్దార్ పోస్టు మొదలగు ఠాణాలపై దాడి చేసెను. సర్దార్ పోస్టున కేంద్ర రిజర్వు పోలీసు దళమునకు చెందిన కొలదిమంది జవానులు తమకంటె ఎన్నోరెట్లు పెద్దదైన పదాతిసేనను గంటలకొలది ఎదిరించి నిలిపిరి. ఏటేట ఆ దినమును ఆ దళము శౌర్యదినముగా జరుపుకొనుచున్నది. వారి ధైర్యమునకు కొరత లేదు. కాని దొంగలను పట్టుటకై ఏర్పడిన పోలీసు ఫిరంగుల నెదుర్కొనవలసి వచ్చుట ఎంత ప్రమాదకరమో ఆనాడు దేశమునకు తెలిసివచ్చెను.

అట్లని శాంతికాలమున సరిహద్దు పొడవునను సైన్యమును నిలుపుట తగదు. అది పొరుగుదేశమునకు అనుమానము కలిగించును. అంతేగాక, దొంగరవాణాను పట్టుట, అనుమతి లేక ప్రవేశించువారిని ఆపుట మొదలగునవి చట్టముతో ముడిపడిన పనులు. కావున పోలీసువలె చట్టమెరిగి, సైనికునివలె యుద్ధమెరిగిన దళ మొకటి అవసరమయ్యెను. ఆ సంవత్సరమే డిసెంబరు 1వ తేదీని, కొన్ని రాష్ట్రముల పోలీసు బెటాలియనులను చేర్చి, సరిహద్దు భద్రతాదళము స్థాపింపబడెను. మొదట అందు 25 బెటాలియను లుండెను. అంతకుముందు మధ్యప్రదేశ పోలీసు శాఖకు అధిపతిగా నుండిన కె. ఎఫ్. రుస్తుంజీ దానికి ప్రథమ డైరెక్టరు జనరలయ్యెను. గ్వాలియరు సమీపమునగల టేకన్‌పూరులో శిక్షణాలయ మేర్పడెను. 1968లో పార్లమెంటు ఈ దళమునకై ప్రత్యేక శాసనము చేసెను.

1971లో తూర్పు పాకిస్తానమునుండి సుమారు ఒక కోటి శరణార్థులు భారతదేశమున ప్రవేశించిరి. ఆ సంక్షోభమున ఎల్లను కాచుచు, బంగ్లాదేశ విముక్తి యోధులకు ఈ దళము తోడ్పడెను. డిసెంబరు యుద్ధమున సైన్యముతో కలిసి పోరాడెను.

నేడు ఈ దళమున 190కి పైగా బెటాలియను లున్నవి. రాజస్థాన మరుభూమిలో జవానులు ఒంటెలపై గస్తీ తిరుగుదురు. సుందరవనముల నీటిపాయలలో నౌకలే వారి ఠాణాలు. పంజాబున కంచెకు ఆవల కొందరు భారతీయ రైతులకు పొలములు కలవు. నియమిత వేళలందు జవానులు ద్వారములు తెరచి, గుర్తింపు కార్డులు చూచి, వారిని సేద్యమునకు పంపి, మరల క్షేమముగా లోనికి రప్పింతురు.

ఈ కొలువున కఠినమైనది ఎండయు కాదు, చలియు కాదు. చీకటిలో కదలిన నీడ శత్రువుదో, దొంగదో, దారితప్పిన పశుల కాపరిదో క్షణములో నిర్ణయింపవలెను. ఉపేక్షించినచో దేశమునకు ముప్పు; తొందరపడినచో నిరపరాధి ప్రాణము పోవును. బంగ్లాదేశ సరిహద్దున కాల్పులవలన కలిగిన మరణములు తీవ్రవిమర్శకు లోనయ్యెను. కావున అచ్చట ప్రాణహానికరము కాని ఆయుధములను వాడు పద్ధతియు ప్రవేశపెట్టబడెను.

స్థాపకుడైన రుస్తుంజీ ఉద్యోగ విరమణానంతరము బీహారు చెరసాలలను చూచి, విచారణ లేక ఏండ్లతరబడి మ్రగ్గుచున్న ఖైదీల దుస్థితిని పత్రికలో వెల్లడించెను. 1979లో దానివలన సుప్రీంకోర్టున వ్యాజ్యము నడిచి, పెక్కుమందికి విముక్తి లభించెను. ఆయుధము చేతబట్టిన వానికి న్యాయదృష్టి యెంత యవసరమో ఆయన జీవితమే తెలుపుచున్నది.

ప్రాణమున్నంతవరకు కర్తవ్యమనునది ఈ దళపు ధ్యేయవాక్యము. ఎల్లను కాచుట ఆ కర్తవ్యములో సగము. ఎల్లవద్ద నివసించు మానవుని కాచుట తక్కిన సగము.