నాడీవార్త నడచు తీరు, ఆగు తావు

కోనసీమలో రాజోలు ప్రాంతమునకు కొబ్బరితోటయే పెన్నిధి. ఆ తోటలో దింపు తీయు కార్మికుడు చెట్టు నెక్కునపుడు అతని శరీరమున జరుగు పనిని గమనింపుడు. పాదములు మానును అదిమి పట్టును. ఒక చేయి పైకి జరుగుచుండగా రెండవ చేయి బిగిసియుండును. కన్ను గెలలను పరికించును. చెవి క్రిందివారి కేకను వినును. గుండె వేగము హెచ్చును, ఊపిరి గాఢమగును. వీనిలో ఏ ఒక్కటి క్షణకాలము వెనుకబడినను ప్రాణమునకు ముప్పు. ఇన్ని అవయవములను ఒక్క త్రాటిపై నడపునది నాడీమండలము.

ఈ మండలములో వార్త ఎట్లు నడచును, ఏ తావున ఆగును, ఆగినపుడు మనము చేయవలసినదేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. త్రాచుపాము, కట్లపాము కాట్లును, పొలములో చల్లు కొన్ని పురుగుమందులును, ధనుర్వాతమును మనుష్యుని చంపునది ఈ వార్తను చెడగొట్టియే. కావున ఈ విద్య వైద్యులకే గాక ప్రతి గ్రామవాసికిని అవసరము.

నాడీకణము

ఇల్లు ఇటుకలతో కట్టబడినట్లు శరీరము కణములతో కట్టబడినది. నాడీమండలమునకు ప్రత్యేకమైన కణములు కలవు. మానవుని మెదడులో ఇవి సుమారు 8,600 కోట్లు. ప్రతి నాడీకణమునకును ఒక చిన్న దేహము, దానినుండి చెట్టుకొమ్మలవలె చీలిన శాఖలు, ఒక పొడవైన తంతువు ఉండును. శాఖలు వార్తను అందుకొనును. తంతువు వార్తను ముందునకు పంపును. వెన్నుపాము నుండి కాలి వరకు పోవు తంతువు మూడడుగులకు మించిన పొడవు కలిగియుండును. అంతటి తంతువు కలది కూడ ఒక్క కణమే.

ఈ కణములన్నియు వలవలె ఒకదానితో నొకటి అతుకుకొని యున్నవని పూర్వపు శాస్త్రజ్ఞులు కొందరు తలంచిరి. స్పెయిను దేశపు శాస్త్రజ్ఞుడు కహాల్ 1888 నుండి సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ప్రతి కణమును వేరుగా నున్నదని చూపెను. ఇందులకు 1906లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. వేరుగా నున్న కణములు వార్తను ఎట్లు అందించుకొనును అను ప్రశ్న అప్పుడు పుట్టినది.

తంతువులో విద్యుత్తు

తంతువు లోపల వార్త విద్యుత్ రూపమున నడచును. విశ్రాంతిగా నున్న నాడీకణము లోపలికిని వెలుపలికిని సుమారు 70 మిల్లీవోల్టుల భేదము ఉండును. టార్చిలైటులో వేయు బ్యాటరీ శక్తిలో ఇది ఇరువదింట ఒక వంతు. కణము వెలుపల సోడియము అధికము, లోపల పొటాషియము అధికము. ప్రేరణ కలిగినంతనే కణపు పొరలోని సన్నని ద్వారములు తెరచుకొని సోడియము లోపలికి దూకును. వెనువెంటనే పొటాషియము వెలుపలికి పోయి, ఆ భాగము మరల మొదటి స్థితికి వచ్చును. ఇదంతయు సుమారు సెకనులో వెయ్యవ వంతు కాలమున ముగియును. ఈలోగా ప్రక్కభాగపు ద్వారములు తెరచుకొనును. ఈ విధముగా వార్త తంతువు చివర వరకు సాగిపోవును. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు సముద్రములోని ఒక జలచరము యొక్క లావైన తంతువుపై పరిశోధనలు చేసి, 1952లో ఈ రహస్యమును లెక్కలతో సహా వెల్లడించిరి.

కొవ్వు తొడుగు గల తంతువులలో వార్త సెకనుకు 100 మీటర్ల వరకు పరుగిడును. తొడుగు లేని సన్నని తంతువులలో ఒక మీటరు మాత్రమే నడచును. ముల్లు గ్రుచ్చుకొనగానే చురుక్కుమని ఒక నొప్పియు, కొంచెము ఆగి సలుపుగా మరియొక నొప్పియు కలుగుటకు ఇదియే కారణము.

లోపలికి వచ్చిన సోడియమును మరల బయటకు తోడుటకు శక్తి కావలెను. శరీరపు బరువులో నూటికి రెండు వంతులే గల మెదడు, మనము ఊరక కూర్చున్నపుడు సైతము మొత్తము శక్తిలో అయిదవ వంతును వాడుకొనును. ఆ శక్తిని అందించు పదార్థము అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దీనిని 1929లో ఫిస్కేతో కలసి కండరములలో గుర్తించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో జన్మించిన భీమవరము రాజోలునకు వశిష్ఠ ఆవలనే యున్నది.

రేవు దాటు వార్త

రాజోలు సీమకు ఒక ప్రక్క వశిష్ఠ, మరియొక ప్రక్క వైనతేయ, దక్షిణమున సముద్రము. చించినాడ వద్ద, పాశర్లపూడి వద్ద వంతెనలు కట్టక పూర్వము ఏ మనిషి వచ్చినను, ఏ ఉత్తరము వచ్చినను రేవులో పడవయో పంటో ఎక్కి రావలసినదే. బాట ఎంత చక్కనిదైనను ఏటి ఒడ్డున ఆగిపోవును.

నాడీవార్త గతియు ఇట్టిదే. తంతువు చివరకును తరువాతి కణమునకును నడుమ ఒక సన్నని సందు ఉన్నది. ఒక మిల్లీమీటరును 50 వేల భాగములు చేసినచో అందొక భాగమంత వెడల్పు. దీనిని నాడీసంధి యందుము. కొన్ని తావుల విద్యుత్తు నేరుగా దాటును గాని, అధికభాగము సంధులలో అట్లు దాటదు. తంతువు కొనలో చిన్న చిన్న సంచులు ఉండును. ఒక్కొక్క సంచిలో వార్తాద్రవ్యపు అణువులు వేలకొలది నిండియుండును. విద్యుత్ వార్త కొనకు చేరగానే సంచులు పగిలి ద్రవ్యము సందులోనికి వెడలును. ఆవలి ఒడ్డున ఆ ద్రవ్యమును అందుకొనుటకు గ్రాహకములు ఉండును. తాళమునకు తాళపుచెవి సరిపడినట్లు ద్రవ్యము గ్రాహకమునకు సరిపడును. అంతట ఆవలి కణములో క్రొత్త విద్యుత్ వార్త పుట్టును. తంతువు బాట, సందు ఏరు, ద్రవ్యము పడవ, గ్రాహకము ఆవలి రేవు. ఈ రేవులో పడవలు ఒక్క దిక్కునకే నడచును.

దీనిని ప్రయోగముతో చూపినవాడు ఆటో లోవీ. ఆయన 1921లో రెండు కప్పగుండెలను తీసికొని, మొదటి గుండె నాడిని ప్రేరేపించి దాని వేగమును తగ్గించెను. ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ గుండెపై పోయగా అదియు నెమ్మదించినది. నాడి ఏదో ఒక ద్రవ్యమును విడుచుచున్నదని దీనివలన తేటపడినది. ఆ ద్రవ్యమే ఎసిటైల్ కోలిన్. మన కండరములను కదిలించునదియు ఇదియే. 1936లో లోవీకిని, హెన్రీ డేల్ అను శాస్త్రజ్ఞునికిని కలిపి నోబెల్ బహుమానము ఒసగిరి.

చేయుము, మానుము

వార్తలన్నియు ‘చేయుము’ అను ఆజ్ఞలే కావు. ‘మానుము’ అను ఆజ్ఞలును అంత ముఖ్యములు. ఒక నాడీకణముపై వేలకొలది సంధులు ఉండవచ్చును. వానిలో కొన్ని ప్రేరేపించును, కొన్ని ఆపును. పంచాయతీలో చేతులెత్తిన వారిని లెక్కించినట్లు, ఆ కణము రెండు పక్షములను కూడి తీసి చూచి, ప్రేరణ హద్దు దాటినచో మాత్రమే వార్తను ముందునకు పంపును.

గట్టుపై నడచుచు ముల్లు త్రొక్కినపుడు కాలు తనంతట తానే లేచును. మెదడు బాధను ఎరుగకమునుపే వెన్నుపాము ఈ ఉత్తరువు నిచ్చును. ఆ క్షణముననే కాలిని చాచు కండరమునకు ‘మానుము’ అను ఆజ్ఞ పోవును. రెండవ కాలు బిగిసి దేహభారమును మోయును. ఈ పొందికను విశదపరచిన షెరింగ్టన్‌కు 1932లో నోబెల్ బహుమానము లభించినది. మెదడు వెనుక క్రిందిభాగముననున్న చిన్నమెదడు ఇట్టి కదలికలను నిరంతరము సరిదిద్దుచుండును. దింపు కార్మికుని నేర్పు వెనుక ఈ లెక్కయంతయు ఉన్నది.

పాము రేవును మూసినపుడు

1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడైన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున నివసించి, కోరమాండల్ తీరపు పాములను పరిశీలించి, 1796లో ఒక గ్రంథమును ప్రకటించెను. అందు పాములకు తెలుగు పేర్లను వ్రాసెను. పసుపు నలుపు పట్టెల పామును ‘బంగారం పామ’ అని నమోదు చేసెను. ఆ మాటనుండియే 1803లో కట్లపాముల జాతికి ‘బంగారస్’ అను శాస్త్రీయ నామము ఏర్పడినది. 1963లో తైవాను శాస్త్రజ్ఞులు చాంగ్, లీ అనువారు ఆ జాతి పాము విషమునుండి వేరుచేసిన పదార్థములకు ‘బంగారోటాక్సిన్’ అని పేరు నిలిచినది. ఎసిటైల్ కోలిన్ గ్రాహకమును పట్టి చూచుటకు ప్రపంచమంతటి ప్రయోగశాలలకు సాధనమైనది ఈ విషమే. మన తెలుగు మాట ఈ విధముగా నాడీశాస్త్రమున స్థిరపడినది.

త్రాచు విషము ఆవలి రేవును ఆక్రమించును. గ్రాహకములపై తాను కూర్చుండి, ఎసిటైల్ కోలిన్‌ను దిగనీయదు. కట్లపాము విషము రెండు ఒడ్డులను దెబ్బతీయును. అది తంతువు కొనలోని సంచులను ఖాళీచేసి, కొననే పాడుచేయును. పంపుటకు పడవలే మిగులవు.

ఫలితము రెండింటను ఒక్కటే. మొదట కనురెప్పలు వాలును. మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును, మెడ నిలువదు. తుదకు ఊపిరి తీయు కండరములు ఆగును. అయినను ఆ మనిషి మెదడు చెడలేదు. గుండె కొట్టుకొనుచుండును. ప్రక్కవారి మాటలు అతనికి వినబడుచుండవచ్చును, బదులు చెప్పుటకు కండరము కదలదు, అంతే. వార్త ఆగినది చివరి రేవు వద్ద మాత్రమే. ఆ సమయమున యంత్రముతో ఊపిరి అందించుచున్నచో అతడు బ్రతుకును. కట్లపాము పాడుచేసిన నాడీకొనలు కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు కొన్ని వారములలో మరల పెరుగును.

వార్త అతిశయించినపుడు

రేవు దిగిన పడవను తొలగింపకున్న వెనుకవానికి చోటుండదు. ఎసిటైల్ కోలిన్ తన పని చేయగానే దానిని విరుగగొట్టు ఎంజైము ఒకటి ఉన్నది. క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఆ ఎంజైమును బంధించును. వార్తలు ఆగకుండ మీదమీద పడును. లాలాజలము, చెమట పొంగును. కంటిపాపలు సన్నగిల్లును. కండరములు అదరి, పిదప అలసి పడిపోవును. ఊపిరి ఆడదు.

మట్టిలోను పేడలోను ఉండు సూక్ష్మజీవి గాయములో చేరినపుడు కలుగు ధనుర్వాతము మరియొక రీతిది. దాని విషము నాడి వెంబడి వెన్నుపాము చేరి, ‘మానుము’ అను వార్తను మాత్రమే అడ్డగించును. ఆపువారు లేక కండరములన్నియు ఒక్కసారి బిగిసి, దేహము ధనుస్సువలె వంగును. దీనికి టీకా కలదు. తల్లులకు, శిశువులకు టీకాలు వేయుట, శుభ్రమైన కాన్పు వలన భారతదేశము తల్లీబిడ్డల ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా 2015లో గుర్తింపు పొందినది. శాస్త్రమును గ్రామము ఆచరించిన యెడల ఎంతటి మేలు కలుగునో ఇది చాటుచున్నది.

మన కర్తవ్యము

2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది మరణించిరని ఒక అంచనా. వారిలో అధికులు గ్రామవాసులు. కావున ఈ క్రింది సంగతులను ఇంటింట చెప్పుకొనవలెను.

కట్లపాము రాత్రివేళ తిరుగును. నేలపై పరుండినవారిని కరచును. కోర సన్నము, నొప్పి అల్పము, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలుట కనబడినచో అజీర్ణమని ఊరకుండరాదు. మంచముపై పరుండి, దోమతెరను పరుపు క్రిందికి మడచుకొనుట మంచి రక్షణ. రాత్రి గట్టుపై నడచునపుడు దీపమును, కాళ్లకు జోళ్లను విడువరాదు.

కాటు పడినవానికి ధైర్యము చెప్పి, కరచిన అవయవమును కదలకుండ ఉంచవలెను. గట్టిగా కట్టు కట్టరాదు, గాటు కోయరాదు, నోటితో పీల్చరాదు. మంత్రమునకు, పసరునకు పోయిన గడియ తిరిగి రాదు. 108 వాహనమును పిలిచి ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెను. విషవిరుగుడు సూదిమందు రక్తములో తిరుగు విషమును పట్టును. నాడీకొనను అప్పటికే చెరచిన విషమును మరల్చజాలదు. అందుచేతనే తొందర అవసరము. దారిలో ఊపిరి ఆగినచో, తెలిసినవారు నోటితో ఊపిరి ఊదుచు, శ్వాసయంత్రము గల ఆసుపత్రికి కొనిపోవలెను.

పురుగుమందు చల్లునపుడు గాలికి ఎదురు నిలువరాదు. ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. పని ముగిసినంతనే స్నానముచేసి బట్టలు మార్చవలెను. విషము సోకినవానిని తీసికొనిపోవునపుడు మందు డబ్బాను కూడ వైద్యునికి చూపవలెను. తుప్పుమేకు గ్రుచ్చుకొనినచో గాయమును సబ్బుతో కడిగి టీకాకై వెళ్లవలెను.

పాము కరచినవాడు కన్ను తెరువకున్నంత మాత్రమున, పలుకకున్నంత మాత్రమున చనిపోయెనని తలంపరాదు. ఆ నిర్ణయము వైద్యునిదే. అతని మెదడు పంపిన వార్త ఒడ్డున నిలిచి దారికై వేచియుండవచ్చును. ఆ దారి తెరచువరకు ఊపిరి నిలుపుట మన చేతిలోని పని.