బడి తెరిచేలోపు చేతికొచ్చే అలవాట్లు

బాసరలో అక్షరాభ్యాసం చేయించాం, ఇక అన్నీ బడే నేర్పుతుంది అనుకుంటాం. లాగు గుండీ పెట్టుకోవడం, సద్ది డబ్బా మూత తీసుకోవడం మాత్రం ఇంట్లోనే రావాలి. టీచరమ్మ గదినిండా పిల్లల్ని చూసుకోవాలి కదా, ఒక్కొక్కరికీ ఎక్కడ చేసిపెడుతుంది? మన దగ్గర బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఏప్రిల్ చివర్లో మొదలుపెడితే ఆరేడు వారాలు చేతిలో ఉన్నట్టే. ఇద్దరు పిల్లల్ని, ఒక మనవణ్ణి కరీంనగర్‌లో బడికి పంపిన ఇల్లు మాది. మా ఇంట్లో పనికొచ్చినవే చెబుతున్నా.

మొదలుపెట్టేటప్పుడు

1. వారానికి ఒక్క అలవాటే పట్టండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే మూడో రోజుకే మీకూ విసుగు, పిల్లకూ విసుగు.

2. పిల్లల వస్తువులు వాళ్ల చేతికి అందే ఎత్తులో పెట్టండి. గోడకు కిందగా నాలుగు మేకులు కొడితే తువ్వాల, అంగీ, సంచి, నీళ్ల సీసా వాళ్లే తీసుకుంటారు, మీరు వంటింట్లోంచి పదిసార్లు ఉరకాల్సిన పని ఉండదు.

3. చెప్పకుండా చేసిన రోజు గోడ క్యాలెండర్ మీద ఒక బొట్టుబిళ్ల అంటించనివ్వండి. మా మనవడు ఆ బిళ్లలు లెక్కపెట్టుకుంటూనే ముప్పై దాకా అంకెలు నేర్చుకున్నాడు, చాక్లెట్ల ఖర్చూ మిగిలింది.

4. బాపమ్మకు, తాతకు ముందే చెప్పి ఒప్పించండి. మీరు నేర్పుతుంటే వాళ్లు ముద్దు చేసి చేసిపెడితే ఏ అలవాటూ నిలవదు.

రాత్రి, పొద్దుగాల

5. మొదటిసారి బడికి పోయే వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. పడుకునే వేళను రోజుకు పది నిమిషాల చొప్పున ముందుకు జరుపుతూ రాత్రి ఎనిమిదిన్నరకు తెస్తే, పొద్దున ఆరున్నరకు లేపకుండానే లేస్తారు.

6. సిరిసిల్లలో సాంచెల పని, గోదావరిఖనిలో బొగ్గుబాయి షిఫ్టు, తండ్రి ఏ వేళకు వచ్చినా పిల్ల పడుకునే వేళ మార్చకండి. "బాపు వచ్చేదాకా కూసో" అనే బదులు, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఒక పావుగంట పిల్లకోసమే ఉంచమనండి.

7. బ్రష్ మీద బఠానీ గింజంత పేస్టు చాలు, ఎక్కువ పెడితే మింగేస్తారు. పొద్దునా రాత్రీ రెండు పూటలా తోమిస్తే పండ్ల డాక్టర్ దగ్గరికి పోయే ఖర్చు తప్పుతుంది.

8. ఆదిలాబాద్ చలికి పొద్దున తానమంటే పెద్దవాళ్లకే వణుకు. వేడినీళ్లు తోడకముందే తువ్వాల, బట్టలు పక్కన పెట్టుకుని ఐదు నిమిషాల్లో ముగించండి. చలికి ఏడిపించకపోతే తానమంటే భయం పడదు.

9. రేపటి బట్టలు రాత్రే పిల్లతోనే తీయించి మంచం పక్కన పెట్టించండి. తను ఎంచుకున్న అంగీ కాబట్టి పొద్దున పేచీ పెట్టదు.

చేతులు, ఒళ్లు

10. బువ్వ ముందర, దొడ్డికి పోయొచ్చాక సబ్బు రాసి ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు రుద్దమనండి. కడుపులో పురుగులు పడే బాధ తగ్గుతుంది. ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మాత్రం మానకండి.

11. అరిగిన సబ్బు ముక్కలన్నీ ఉల్లిగడ్డలొచ్చే జాలి సంచిలో వేసి నల్లాకు కట్టండి. చిన్న చేతుల్లోంచి జారిపోదు, పారేసే ముక్కలతో నెల గడుస్తుంది.

12. మొదటి ఏడాది గుండీల లాగు కాకుండా ఎలాస్టిక్ లాగు కొనండి. పిల్లవాడు తనంతట తానే ఇప్పుకుంటాడు, బట్టలు తడవవు, మీకు ఉతుకుడు తగ్గుతుంది.

13. "ఒంటికి వస్తుంది టీచర్" అని నోరు విప్పి చెప్పడం ఇంట్లోనే ఆటలా ఆడించండి. చెంబుతో నీళ్లు పోసుకుని కడుక్కోవడం కూడా ఎండాకాలంలోనే నేర్పితే నేల తడిసినా తొందరగా ఆరిపోతుంది.

14. కుడి ఎడమ చెప్పులు తారుమారవుతున్నాయా? ఒక బొమ్మ స్టిక్కర్‌ను నడిమికి కోసి రెండు చెప్పుల లోపలి అంచుల్లో చెరో సగం అంటించండి, బొమ్మ కలిస్తే సరిగ్గా వేసుకున్నట్టే.

15. పాత నూలు చీర చింపి అరడజను దస్తీలు కుట్టండి. రోజుకొకటి జేబులో పెడితే ముక్కు తుడుచుకోవడం వస్తుంది, అంగీ చేతులు మురికి కావు.

తిండి, నీళ్లు

16. తలె ముందర కూర్చున్నప్పుడు ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. మొదటి వారం సగం బువ్వ కిందే పడుతుంది, కింద పాత బొంత పరవండి; రెండో వారానికి పిల్ల అరగంటలో తనే తినేస్తుంది.

17. బడికిచ్చే డబ్బాలోనే ఇంట్లో నాలుగు రోజులు సద్ది పెట్టి మూత తీయించండి. మూత రాక మధ్యాహ్నం దాకా ఆకలితో కూర్చునే పిల్లలు ఎందరో.

18. సర్కారు బడికి పంపేవాళ్లు ఇంట్లో కింద వరుసగా కూర్చుని తినడం, ఉడికిన గుడ్డు పెంకు తీయడం, తన తలె తానే కడగడం చూపించండి. మధ్యాహ్న భోజనం మొదటి రోజు నుంచే కడుపునిండా తింటారు.

19. చిప్స్ ప్యాకెట్ బదులు మక్క గుడాలు, పల్లి పట్టీ, సర్వపిండి ముక్క పెట్టండి. రోజుకు పది రూపాయలంటే నెలకు 300, ఆ డబ్బుతో నోటు పుస్తకాలు, పెన్సిళ్లు వస్తాయి.

20. రంజన్ పక్కన పిల్లకు అందేలా చిన్న గిలాస పెట్టి, గంటకోసారి తనే ముంచుకుని తాగమనండి. మన ఎండలకు "దూప అయితంది" అని చెప్పేదాకా ఆగితే అప్పటికే నీరసపడతారు.

వేళ్లు, నోరు

21. సకినాలు చేసేటప్పుడు పిల్లకూ నిమ్మకాయంత పిండి ఇచ్చి, బట్ట మీద చుట్లు తిప్పించండి. మొదట పిండి తెగుతుంది, చుట్టు వంకర పోతుంది. నాలుగోసారికి బొటనవేలు, చూపుడువేలు మాట వింటాయి, గుండ్రటి మన అక్షరాలకు చెయ్యి అక్కడే తిరుగుతుంది.

22. పల్లికాయలు ఒలిపించండి, చిక్కుడుకాయలు గిల్లించండి. మీకు కూర పని కొంత తీరుతుంది, పిల్లకు బలపం పట్టే బలం వస్తుంది.

23. బతుకమ్మ రోజుల్లో తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప వేరు చేయమనండి. ఒకచోట కూర్చుని పని పూర్తి చేయడం పండుగలోనే అలవాటవుతుంది.

24. బీడీలు చుట్టే తల్లుల చేతులు ఖాళీ ఉండవు, నోరు ఖాళీయే కదా. తంబాకు ఘాటు తగలకుండా పిల్లను దూరంగా కూర్చోబెట్టి పొడుపు కథలు, ఇంటి పేరు, ఊరి పేరు, మీ ఫోన్ నంబర్ పాటలా పలికించండి.

25. ఉట్నూర్, జైనూర్ వైపు ఇంట్లో గోండీయో మరాఠీయో మాట్లాడితే ఆ మాట మానిపించకండి. నీళ్లు, ఆకలి, నొప్పి, ఒంటికి, ఇంటికి అనే ఐదు తెలుగు మాటలు అదనంగా నేర్పితే చాలు, మొదటి రోజు పిల్ల మూగగా కూర్చోదు.

మనసు

26. చెప్పకుండా మాయం కావద్దు. మా పెద్దవాణ్ణి బడి గడపలో దింపి వాడు చూడనప్పుడు వచ్చేశాను. ఎనిమిది రోజులు నా కొంగు వదల్లేదు.

27. మనవడికి ఆ తప్పు చేయలేదు: పక్కింట్లో పది నిమిషాలు, అంగన్‌వాడీలో గంట, పూట, చెప్పి పోయి చెప్పిన వేళకే వచ్చేదాన్ని. పెద్దవాళ్ల మాట అంటే మాటే అని తెలిశాక ఏడుపు దానంతటదే ఆగుతుంది.

28. "అల్లరి చేస్తే టీచర్ కొడతది" అని ఎప్పుడూ అనకండి. పోబోయే చోటంటే మనమే భయం పెట్టి, మళ్లీ మనమే బుజ్జగించాల్సి వస్తుంది.

29. వేములవాడకో కొండగట్టుకో పోయొచ్చినా, పెండ్లిళ్లు తిరిగొచ్చినా మర్నాటి పొద్దున అదే వేళకు లేపండి. ఒక్క రోజు జారితే సర్దుకోవచ్చు, మూడు రోజులు జారితే మొదటికొస్తుంది.

30. జూన్ 11 రాత్రి సంచి పిల్లతోనే సర్దించండి, పలక వంకరగా పెట్టినా దిద్దకండి. పొద్దున ఆ సంచిని గోడ మేకు మీంచి తనే తీసుకుని భుజాన వేసుకుంటుంది, మీరు వెనకాల నడిస్తే చాలు.